రోగనిరోధక శక్తి పెంచాలా, తగ్గించాలా? అమ్మ రెండు మందులూ వేసుకుంటోంది

ప్రశ్న: అక్కా, మాది అనంతపురం దగ్గర పల్లె. నేను బీఎస్సీ బయోటెక్నాలజీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మా అమ్మకి 44 ఏళ్ళు. ఏడాదిగా రెండు చేతుల వేళ్ళూ, మణికట్లూ వాస్తున్నాయి. పొద్దున లేచాక గంటన్నర దాకా పిడికిలి ముడుచుకోదు. బుడ్డలు (వేరుశనక్కాయలు) వలవలేదు, సంగటి కెలకలేదు. టౌన్లో డాక్టరు గారు పరీక్షలు చేయించి రుమటాయిడ్ ఆర్థరైటిస్ అన్నారు. "మీ ఇమ్యూనిటీనే మీ కీళ్ళ మీద పడింది, దాన్ని కొంచెం తగ్గించాలి" అని మెథోట్రెక్సేట్ వారానికొకసారి, దాంతోపాటు ఫోలిక్ యాసిడ్ రాశారు. మూడు వారాలైంది, గుణం లేదు. మా చిన్నాయన ఇమ్యూనిటీ పెంచే పొడి అని తిప్పతీగ కలిసిన డబ్బా తెచ్చాడు. ఇమ్యూనిటీ తగ్గిస్తే లేని రోగాలన్నీ వస్తాయంటాడు. పైగా, ఆ మాత్ర వేసుకునేదైతే రోజూ వేసుకో, వారానికొకటి ఏం పనిచేస్తుంది అంటాడు. అమ్మ రెండు రోజులు వరుసగా వేసుకుంది కూడా. కాలేజీలో మా మేడమ్ 2025 నోబెల్ గురించి చెప్తూ ఇమ్యూనిటీని ఆపే కణాలు ఒంట్లోనే ఉంటాయన్నారు. అవి అమ్మకి ఎక్కించొచ్చా? ఎవరి మాట వినాలి? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: చెల్లీ, ముందు ఆ మాత్ర సంగతి. నీ ఉత్తరం చూసిన రోజే నీకు విడిగా రాశాను, ఇక్కడ మళ్ళీ రాస్తున్నది మిగతావాళ్ళ కోసం, ఎందుకంటే ఈ పొరపాటు మీ ఇంట్లో ఒక్కచోటే జరిగేది కాదు. కీళ్ళవాతానికి రాసే మెథోట్రెక్సేట్ వారంలో ఒకే ఒక్క రోజు వేసుకోవాలి. నొప్పి ఎక్కువుందని రోజూ వేసుకుంటే ఎముకల మూలుగలో రక్తకణాలు తయారవడం పడిపోతుంది, నోరంతా పుండ్లు పడతాయి, జ్వరం వస్తుంది, చివరికి ప్రాణం మీదికి తెస్తుంది. ఇలా పొరపాటున రోజూ మింగి చనిపోయినవాళ్ళు చాలా దేశాల్లో ఉన్నారు. దీనికి విరుగుడు ఉంది, ఫోలినిక్ యాసిడ్ అంటారు (ఇంట్లో ఉన్న ఫోలిక్ యాసిడ్ కాదు, పేరు దగ్గరగా ఉంటుందంతే), కానీ అది ఎంత తొందరగా ఇస్తే అంత పనిచేస్తుంది. అందుకే ఒక్క రోజు ఎక్కువ వేసుకున్నా "ఏమీ కాలేదు కదా" అని ఇంట్లో కూర్చోకూడదు, చీటీ, మాత్రల షీటు పట్టుకుని అదే రోజు డాక్టరు దగ్గరికి పోవాలి, రక్త పరీక్ష చేయించాలి. ఇకమీదట వారంలో అమ్మ మర్చిపోని రోజు ఏదో ఒకటి పెట్టుకోండి. ఆ రోజు పేరు పూర్తిగా, పెద్ద అక్షరాలతో మాత్రల డబ్బా మీద రాయి, వేసుకున్నాక క్యాలెండర్లో టిక్ కొట్టు. ఆ డబ్బా నీ దగ్గరే ఉంచుకుంటే ఇంకా మంచిది.

ఇక అసలు ప్రశ్న.

ఇమ్యూనిటీ పెంచాలనుకోవడంలో చిన్నాయన తప్పేమీ లేదు, నిజానికి తప్పు మన మాటలోనే ఉంది. రోగనిరోధక "శక్తి" అన్నాం. శక్తి అన్నాక ఎక్కువుంటే మంచిదే, తక్కువైతే చెడ్డదే అనిపిస్తుంది, మిద్దె మీద ట్యాంకులో నీళ్ళలాగా. కరోనా రోజుల్లో కషాయం పాకెట్ల దగ్గర్నుంచి ఏది కొన్నా దాని మీద ఇమ్యూనిటీ అని రాసి అమ్మారు గుర్తుందా, అదంతా ఈ ట్యాంకు లెక్క మీద నడిచిన వ్యాపారమే. అదే కరోనాలో ఏమైందో చూడు. 2020 జూన్‌లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు నడిపిన రికవరీ ట్రయల్ ఫలితం వచ్చింది. డెక్సామెథాసోన్, అంటే ఇమ్యూనిటీని అణిచే పాత, చవక స్టెరాయిడ్ మందు, వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ళలో చావుల్ని సుమారు మూడో వంతు తగ్గించింది. ఆక్సిజన్ అవసరమే పడనివాళ్ళకి మాత్రం అదే మందు ఏ మేలూ చేయలేదు. మరి ఇమ్యూనిటీ మంచిదా చెడ్డదా? అది అడగాల్సిన ప్రశ్నే కాదు. ఎవరి మీద పడింది, పని అయ్యాక ఆగిందా లేదా, అడగాల్సింది అదీ.

మీ అమ్మకి వచ్చింది కంచే చేను మేయడం లాంటిది. జర్మనీ శాస్త్రవేత్త పాల్ ఎర్లిష్ ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే ఈ సంగతి ఆలోచించాడు, ఒళ్ళు తన మీద తానే దాడి చేసుకోకుండా ఏదో అడ్డు ఉండి తీరాలి, లేకపోతే బతకలేం అన్నాడు. ఆ అడ్డు ఏమిటన్నది తేలడానికి చాలా దశాబ్దాలు పట్టింది. సగం జవాబు మీ పుస్తకంలో ఉంటుంది. ఛాతీలో, గుండెకి కాస్త పైన థైమస్ అనే గ్రంథి ఉంది, టి కణాలు (ఇమ్యూనిటీ పని చేసే తెల్ల రక్తకణాల్లో ఒక రకం) అక్కడే ముదురుతాయి, సొంత ఒంటి ప్రోటీన్లను గట్టిగా పట్టుకునే కణాల్ని చాలావరకు ఒళ్ళు అక్కడే చంపేస్తుంది. బడి దాటకముందే టీసీ ఇచ్చి పంపేసినట్టు. అయితే కొన్ని తప్పించుకుని బయటికి వస్తాయి, మన అందరిలోనూ వస్తాయి, నాలోనూ ఉన్నాయి. మరి అందరికీ కీళ్ళు ఎందుకు వాయవు?

మీ మేడమ్ చెప్పిన నోబెల్ సరిగ్గా ఈ ప్రశ్నకే వచ్చింది. షిమోన్ సకగుచి అని జపాన్ ఆయన. పుట్టిన మూడో రోజున చిట్టెలుకల్లో థైమస్ తీసేస్తే వాటికి ఇమ్యూనిటీ తగ్గిపోవాలి కదా, మన ట్యాంకు లెక్క ప్రకారం. కానీ జపాన్‌లోనే అంతకుముందు కొందరు చేసి చూస్తే ఉల్టా జరిగింది, ఆ ఎలుకల ఇమ్యూనిటీ అదుపు తప్పి సొంత అవయవాల మీదే పడింది. సకగుచి వాటికి ఆరోగ్యంగా ఉన్న ఎలుకల టి కణాలు ఎక్కించాడు, జబ్బు రాలేదు. అంటే టి కణాల్లోనే దాడి చేసేవాటిని ఆపే రకం ఒకటి ఉందన్నమాట. ఏ రకమో పట్టుకోవడానికి ఆయనకి పదేళ్ళకు పైగా పట్టింది, ఆ పదేళ్ళూ ఆ మాట వినేవాళ్ళే తక్కువ, ఎందుకంటే "అణిచే టి కణాలు" అన్న ఊహ మీద అంతకుముందు వేరేవాళ్ళు చేసిన పని నిలబడలేదు, ఆ పేరు ఎత్తితేనే శాస్త్రవేత్తలు మొహం తిప్పుకునేవాళ్ళు. 1995లో ఆయన చూపించాడు, పైన సీడీ4తో పాటు సీడీ25 అనే ప్రోటీను ఉన్న కణాలే అవి అని. ఇప్పుడు వాటిని రెగ్యులేటరీ టి కణాలు అంటున్నాం, ల్యాబుల్లో పొట్టిగా టీ-రెగ్‌లు. సీమ అనగానే అందరూ ఫ్యాక్షన్ పోలిక తెస్తారు, నాకు అది ఇష్టం లేదు గానీ, కొట్లాట ముదరకముందే చేతులు అడ్డం పెట్టి "చాలు పదండి" అనే పెద్దమనుషులు ప్రతి ఊళ్ళో ఉంటారే, అలాంటివి ఈ కణాలు.

మిగతా సగం కథ నాకు ఇంకా ఇష్టం. అమెరికాలో ఓక్ రిడ్జ్ అనే చోట, రేడియేషన్ ప్రభావం మీద పరిశోధన జరిగే ల్యాబ్‌లో, 1940ల్లో కొన్ని మగ చిట్టెలుకలు పొలుసులు కట్టిన చర్మంతో, వాచిపోయిన ప్లీహంతో పుట్టి కొద్ది వారాలకే చనిపోయేవి. స్కర్ఫీ అని పేరు పెట్టి ఆ సంతతిని నిలుపుకుంటూ వచ్చారు. యాభై ఏళ్ళ తర్వాత మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ అనే ఇద్దరు (సకగుచితో పాటు ఆ నోబెల్ పంచుకున్నవాళ్ళు) ఒక కంపెనీలో కూర్చుని, ఆ ఎలుకల్లో ఏ జన్యువు పాడైందో వెతికారు. ఎక్స్ క్రోమోజోమ్‌లో వెతుక్కుంటూ పోయి 20 జన్యువుల దగ్గరికి వచ్చారు, ఒక్కొక్కటే చూసుకుంటూ పోతే తేడా దొరికింది ఇరవయ్యో దాంట్లో. చివరిదాంట్లో! ల్యాబ్‌లో పనిచేసినవాళ్ళకి ఈ బాధ తెలుసు. నేను బెంగళూరులో ఒక ల్యాబ్‌లో కొన్నేళ్ళు ఎలుకల గదిలో గడిపాను, నా విషయంలో ఇరవయ్యోది కూడా ఖాళీయే. వాళ్ళకి దొరికిన ఆ జన్యువుకి ఫాక్స్‌పీ3 అని పేరు పెట్టారు. 2001లో వాళ్ళు, మనుషుల్లో అదే జన్యువు పాడైతే ఐపెక్స్ అనే అరుదైన జబ్బు వస్తుందని కూడా చూపించారు. మగపిల్లలకి పసితనంలోనే షుగరు, ఆగని విరేచనాలు, ఒంటి నిండా పొక్కులు. రెండేళ్ళకి సకగుచి ఈ రెండు దారుల్నీ కలిపాడు, టీ-రెగ్‌లను టీ-రెగ్‌లుగా చేసేది ఫాక్స్‌పీ3 యే అని. (నోబెల్ ప్రకటించిన రోజు రామ్స్‌డెల్ ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టుకుని కొండల్లో క్యాంపింగ్‌కి పోయాడు, ఆయనకి ఆ కబురు చాలా ఆలస్యంగా అందింది. ఇదే మనమైతే ఎత్తుకోలేదని ఇంట్లోవాళ్ళు తిట్టిపోసేవాళ్ళు.)

అయితే ఆ కణాలు అమ్మకి ఎక్కించొచ్చా? ఇప్పుడు కాదు. ఆటోఇమ్యూన్ జబ్బులకీ (ఇమ్యూనిటీ సొంత ఒంటి మీదే పడే జబ్బులు), అవయవ మార్పిడి చేసుకున్నవాళ్ళకీ టీ-రెగ్‌లు ఎక్కించి చూసే ట్రయల్స్ నడుస్తున్నాయి, అవి ఇంకా పరీక్ష దశలోనే ఉన్నాయి. కీళ్ళవాతానికి మందుగా ఏ ఆసుపత్రిలోనూ బిల్లు కట్టి ఎక్కించుకునేది కాదు. ఎవరైనా "స్టెమ్ సెల్స్ ఎక్కిస్తాం, కీళ్ళవాతం పోతుంది" అని లక్షల లెక్క చెప్తే లేచి వచ్చేయండి. ఇంకో మాట, రుమటాయిడ్ వచ్చినవాళ్ళందరికీ ఫాక్స్‌పీ3 పాడైందని కాదు. మీ అమ్మ జబ్బు స్కర్ఫీ ఎలుక జబ్బంత సూటిగా ఉండదు, చాలా ముడులు ఉన్నాయి. కొన్ని జన్యువులు ప్రమాదాన్ని పెంచుతాయి, బీడీ సిగరెట్ల పొగ పెంచుతుంది, మగవాళ్ళకంటే ఆడవాళ్ళకి రెండు మూడు రెట్లు ఎక్కువగా వస్తుంది. కీళ్ళు నొప్పి పుట్టడానికి ఏళ్ళ ముందే రక్తంలో యాంటీబాడీలు కనిపిస్తాయని, దాచి ఉంచిన పాత రక్తం నమూనాలు పరీక్షించి తెలుసుకున్నారు. అమ్మ ఫైల్లో యాంటీ సీసీపీ అని ఒక పరీక్ష ఉంటుంది చూడు, అవే. దీన్ని అమ్మకి తప్పకుండా చెప్పు. చన్నీళ్ళలో చేతులు పెట్టినందుకు వచ్చింది, వంకాయ తిన్నందుకు వచ్చింది అని చుట్టుపక్కలవాళ్ళు అంటుంటే ఆమె లోపల్లోపల తననే తిట్టుకుంటూ ఉంటుంది. అది మొదలైన ఏడాది ఆమె ఏం వండిందో ఆమెకే గుర్తుండదు.

కీలు లోపల ఏం జరుగుతోందంటే, లోపలి పొర వాచి దళసరిగా పెరిగి పక్కనున్న మృదులాస్థినీ, ఎముకనీ తినేస్తుంది. ఆ పొరలో కణాలు ఒకదాన్నొకటి రెచ్చగొట్టుకునే రసాయనాలు వదులుతూనే ఉంటాయి. లండన్‌లో మార్క్ ఫెల్డ్‌మన్, రవీందర్ మైనీ (ఈయన పుట్టింది మన పంజాబ్‌లోనే) ఈ రసాయనాల గుంపులో టీఎన్‌ఎఫ్ అనేదాన్ని ఒక్కదాన్ని ఆపితే మిగతావి కూడా చల్లబడతాయని గమనించారు. 1992లో 20 మంది రోగులకి టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకునే యాంటీబాడీ ఇచ్చారు, ఏళ్ళ తరబడి వేరే మందులకి లొంగనివాళ్ళు వాళ్ళు, కొద్ది వారాల్లోనే వాపులు తగ్గాయి. ఈ రోజు టౌన్లలో ఖరీదైన ఇంజెక్షన్లు, బయలాజిక్స్ అంటున్నవాటికి మొదలు అక్కడే.

ఇక్కడ చిన్నాయనకి దక్కాల్సిన మర్యాద ఒకటుంది. ఇమ్యూనిటీ తగ్గిస్తే రోగాలు వస్తాయన్న ఆయన భయం ఉత్తది కాదు. ఊపిరితిత్తుల్లో ఎప్పుడో చేరి నిద్రపోతున్న టీబీ క్రిమిని చుట్టూ గోడ కట్టి కదలకుండా ఉంచడంలో టీఎన్‌ఎఫ్ చాలా ముఖ్యం. ఈ ఇంజెక్షన్లు వాడకంలోకి వచ్చిన కొన్నాళ్ళకే, 2001లో, కొందరిలో టీబీ లేచిందని బయటపడింది. అందుకే ఇప్పుడు అవి మొదలుపెట్టేముందు ఛాతీ ఎక్స్‌రే, టీబీ పరీక్ష చేస్తారు, మన దేశంలో మరీ జాగ్రత్తగా చేయాలి. మీ అమ్మకి ఇచ్చింది అది కాదు, వారానికి కొద్ది మోతాదులో మెథోట్రెక్సేట్, దాని అణిచివేత అంత గట్టిది కాదు. అయినా జ్వరం వచ్చినా, దగ్గు పట్టి వదలకపోయినా ఆ వారం మాత్ర వేసుకునే ముందు డాక్టర్ని అడగాలి. కామెర్ల వైరస్‌లు, అంటే హెపటైటిస్ బీ, సీ పరీక్షలు చేశారో లేదో ఫైల్లో చూడు, లేకపోతే అడుగు.

మెథోట్రెక్సేట్ గురించి ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. ఆ మందు అమెరికాలో లెడర్లీ ల్యాబ్స్‌లో పుట్టింది, అక్కడ పరిశోధనకి పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఫోలిక్ యాసిడ్‌ను 1945లో ల్యాబ్‌లో తయారుచేసింది కూడా ఆయన బృందమే. ముందు విటమిన్ చేశారు, తర్వాత ఆ విటమిన్‌ని పోలి ఉండి దాని పని చెడగొట్టే మందులు చేశారు, అవి మొదట పిల్లల బ్లడ్ క్యాన్సర్‌కి వాడారు. ఆయన 1948లోనే పోయాడు, అమెరికాలో ఇదే మందుకి కీళ్ళవాతం కోసం అధికారిక అనుమతి వచ్చింది 1988లో. అంటే మీ అమ్మ చీటీ మీదున్న రెండు మాత్రల వెనకా ఒకే తెలుగాయన ఉన్నాడు, ఒకటి ఇంకొకదాని దెబ్బని కాచేది. ఫోలిక్ యాసిడ్ ఎందుకు దండగ అని మానేస్తే నోటిపూత, వికారం, లివర్ ఇబ్బంది పెరుగుతాయి. ఏ రోజు ఏది వేసుకోవాలో డాక్టరు చెప్పినట్టే చేయండి.

మూడు వారాలకే గుణం లేదంటున్నావు. ఈ మందుకి 6 నుంచి 12 వారాలు పడుతుంది. నొప్పి బిళ్ళలా గంటలో పనిచేసేది కాదు, ఈ సంగతి మొదటి రోజే ఎవరూ చెప్పకపోవడం వల్లే సగం మంది మధ్యలో మానేసి పొడుల వైపు పోతారు. ఈలోగా నొప్పి మరీ ఎక్కువుంటే కొద్ది రోజులకి ఏమైనా ఇవ్వగలరేమో అని మీ డాక్టర్నే అడగండి. ఊళ్ళో సూది వేయించుకోకండి. మా పెద్దమ్మ ఇలాగే రెండేళ్ళు ఒక ఊరి డాక్టరు దగ్గర స్టెరాయిడ్ సూదులు వేయించుకుంది, ప్రతిసారీ లేచి పరిగెత్తేది, ఆ రెండేళ్ళలో ముఖం గుండ్రంగా ఉబ్బింది, షుగరు వచ్చింది, వేళ్ళు మాత్రం పక్కకి తిరిగిపోయాయి. వాపు మొదలైన మొదటి ఒకటి రెండేళ్ళే కీళ్ళని కాపాడుకోగలిగే కాలం. మీ అమ్మకి ఇప్పుడు నడుస్తున్నది అదే.

ఇక తిప్పతీగ. మా జేజి కాలం నుంచి వేపచెట్లకి అల్లుకుని ఉన్నదే, దాని మీద నాకు కోపం లేదు. కానీ 2021లో ముంబై లివర్ డాక్టర్లు తిప్పతీగ వాడిన కొందరిలో లివర్ దెబ్బతిన్న సంగతి రాశారు, ఆ తర్వాత దేశంలో వేరే వేరే చోట్ల డాక్టర్లు కలిసి మరికొన్ని కేసులు బయటపెట్టారు. ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు, వాళ్ళ వాదన వాళ్ళది. నాకు పట్టింపు అయిన విషయం ఏమిటంటే, ఆ లివర్ ముక్కల్ని మైక్రోస్కోపు కింద చూస్తే ఆటోఇమ్యూన్ జబ్బు పోలికలు కనిపించాయి. లోపల కనపడకుండా ఉన్న ఆటోఇమ్యూన్ జబ్బుని ఇది లేపుతుందేమో అన్నారు. మీ అమ్మకి ఆ గుణం ఉందని ముందే తెలుసు. పైగా మెథోట్రెక్సేట్ కూడా లివర్ మీద భారం వేసే మందే, అందుకే కొన్ని వారాలకోసారి రక్త పరీక్ష చేస్తారు. రెండూ కలిపి వేసుకుంటుంటే రేపు రిపోర్టులో లివర్ నంబర్లు పెరిగితే డాక్టరు దేన్ని ఆపాలి? చాలాసార్లు ఆగేది పనికొచ్చే మందే.

అందుకని పొడి ఆపేయండి, కానీ ఒక చిన్న మెలిక ఉంది. ఆ పొడి వేసుకున్న రెండు మూడు రోజులకే అమ్మ నొప్పులు మాయమయ్యాయా? అలా అయితే దాంట్లో ఎవరో స్టెరాయిడ్ కలిపారేమో అనుమానించాలి, ఆకులు అలముల్లో అంత వేగం ఉండదు. చాలా రోజులుగా వాడుతూ ఉంటే స్టెరాయిడ్‌ని ఒక్కసారిగా ఆపడం కూడా ప్రమాదమే. డబ్బా పారేయకుండా డాక్టరుకి చూపించి, ఎన్నాళ్ళుగా వాడుతున్నారో చెప్పండి. తిడతారేమోనని దాచకండి, తిట్టినా పడండి.

మన జిల్లాలో కీళ్ళనొప్పులన్నీ ఒకటి కావు. కొన్ని ఊళ్ళలో బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ వల్ల నడుమూ కీళ్ళూ బిగుసుకుపోతాయి. 2005-06లో చికున్‌గున్యా వచ్చినప్పుడు సీమలో ఇల్లిల్లూ మంచాన పడింది, కొందరికి ఆ నొప్పులు నెలల తరబడి పోలేదు, చేతుల వాపు చూస్తే అచ్చం రుమటాయిడ్ లాగే ఉండేది. కాబట్టి పక్కింటామెకి తగ్గిన మందు మీ అమ్మకి తగ్గాలని లేదు. మీ డాక్టరు పరీక్షలు చేయించే పేరు పెట్టారు, పొద్దున గంటన్నర బిగింపు, రెండు చేతులకీ ఒకేలా వాపు, ఇవి కూడా ఆ వైపే చూపిస్తున్నాయి. వీలైతే ఒక్కసారి రుమటాలజిస్టుకి చూపించండి, అనంతపురంలో కుదరకపోతే కర్నూలుకో బెంగళూరుకో పోయి, మళ్ళీ ఇక్కడి డాక్టరు దగ్గరే కొనసాగొచ్చు.

తిండి సంగతి: బుడ్డలు మానక్కర్లేదు, వంకాయ మానక్కర్లేదు, చింతపండు అసలే మానక్కర్లేదు. మీ నాయన బీడీ తాగేట్టయితే ఇంట్లో కాకుండా బయటికి పొమ్మను. వేళ్ళు వాచిన రోజుల్లో సంగటి కట్టె నువ్వు పట్టుకో.

చిన్నాయనతో గొడవ పడకు. ఆయన డబ్బులు పెట్టి తెచ్చాడు, వదినె బాధ చూడలేక తెచ్చాడు. ఈసారి ఆసుపత్రికి ఆయన్నే తోడు తీసుకుపో, టీబీ గురించి ఆయన భయం ఆయన నోటితోనే డాక్టర్ని అడగనివ్వు. వచ్చే నెల సీఆర్‌పీ (ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే రక్త పరీక్ష), లివర్ రిపోర్టు చేతికి వచ్చాక ఏ నంబర్ ఎంతుందో నాకు రాయి. పాత రిపోర్టుల నంబర్లు కూడా పక్కన పెట్టు, అవి లేకుండా కొత్తవి చూసి చెప్పగలిగేది ఏమీ ఉండదు.